ఇరవై అడుగుల దూరంలో

సీడర్ హార్బర్, మిచిగన్
18 జూన్ 1979

అక్కా,

నువ్వూ బావా పిల్లలూ చల్లగా ఉన్నారని తలుస్తాను. ముందు శుభవార్త: పడవ కొన్నాను! సెకండ్ హ్యాండుదే, పందొమ్మిది అడుగులు. కన్నకూతురి కంటే దాన్నే ఎక్కువ తుడుస్తున్నానని జ్యోతి దెప్పుతోంది.

మా చెర్రీ ఫ్యాక్టరీలో ఫోర్‌మన్ రే అని రాశాను కదా, జనవరిలో జ్యోతికి నొప్పులొస్తే మంచు తోసే ట్రక్కులో మమ్మల్ని హాస్పిటల్‌కి చేర్చినవాడు. ఈ విద్య నాకు నేర్పింది అతనే. ట్రోలింగ్ అంటారు. గేలం వేసి గట్టున కూర్చోవడం కాదు. పడవ మనిషి నడకంత జోరుగా నడుస్తూనే ఉండాలి. పది పౌన్ల సీసం గుండును ఉక్కు తీగకు కట్టి నీళ్ళలోకి దింపుతాం. గేలం దారాన్ని ఆ గుండుకు క్లిప్పుతో తగిలిస్తాం, దారం చివర తళతళలాడే రేకు చేప. పైనీళ్ళు వెచ్చబడితే సాల్మన్, ట్రౌట్ డెబ్భై ఎనభై అడుగుల లోతుకు పోతాయి. గుండు అక్కడికి దిగితే రేకు చేప కూడా వాటి మధ్యే ఈదుతుంది. చేప కరవగానే క్లిప్పు ఊడి, వంగి ఉన్న గేలం రాడ్ ఒక్కసారి నిటారుగా లేచి, మళ్ళీ నీళ్ళకేసి వంగిపోతుంది. అక్కా, ఆ ఒక్క క్షణం కోసం నాలుగు గంటలు చలిలో నిలబడొచ్చు.

మొన్న శనివారం పదకొండు పౌన్ల లేక్ ట్రౌట్ పట్టాను. జ్యోతి పులుసు పెడితే ముక్కలన్నీ విడిపోయాయి. రుచి మాత్రం ఉంది.

ఒక్కటే చిరాకు. ఇక్కడి ఇండియన్లు, అదే, ఈ దేశంలో అందరికంటే ముందున్నవాళ్ళు, వలలు వేసి ట్రౌట్‌ని ఊడ్చేస్తున్నారు. 1836లో భూములు గవర్నమెంటుకి వదిలేస్తూ, చేపల వేట మాత్రం మాదేనని ఏదో ఒప్పందం రాసుకున్నారట. దాని ప్రకారం వాళ్ళకి హక్కుందని పోయిన నెల ఫెడరల్ కోర్టు తేల్చింది. మా ఫిషింగ్ క్లబ్బులో అందరూ మండిపడుతున్నారు. నేనూ మండిపడ్డాను. లైసెన్సు డబ్బు మేం కట్టాలి, ఆ డబ్బుతో గవర్నమెంటు పిల్లచేపల్ని పెంచి వదలాలి, వాళ్ళు వలేసి ఎత్తుకుపోవాలి. ఇదేం న్యాయం?

నీ తమ్ముడు
దేవకుమార్


ప్లెయిన్స్‌బరో, న్యూజెర్సీ
28 జూన్ 1979

దేవా,

పడవ ఫోటో పంపు. బావ ఆఫీసులో అందరికీ చూపిస్తాడట. లైఫ్ జాకెట్ వేసుకుంటున్నావో లేదో మాత్రం రాయలేదు. వేసుకో.

పులుసు సంగతి జ్యోతికి చెప్పు. ట్రౌట్ మెత్తటి చేప. ముక్కలకి ఉప్పూ పసుపూ పట్టించి గంట ఆరనిచ్చి, నూనెలో రెండు పక్కలా వేయించి, పులుసు మరిగాక చివర్న వెయ్యాలి. గరిటె పెట్టొద్దు. గిన్నె పట్టుకుని తిప్పాలి.

ఆ ఇండియన్ల గొడవ నాకు అర్థం కాలేదు. ఇల్లమ్మినవాడు ‘పెరట్లో బావి నాది, నీళ్ళు తోడుకుంటాను’ అని కాగితం రాయించుకుంటే, కొన్నవాడి మనవలు వచ్చి బావి మాదంటే చెల్లుతుందా? కాగితం పాతదైతే మాట పాతదైపోతుందా? నాకు తెలియకే అడుగుతున్నాను. మా వార్డులో పేషెంట్లు ఎదురుచూస్తున్నారు, వెళ్ళాలి.

అక్క


సీడర్ హార్బర్
20 ఆగస్టు 1979

అక్కా,

ఒళ్ళు మండిపోతూ రాస్తున్నాను. దస్తూరీ బాగా లేకపోతే క్షమించు.

ఈ నెల మొదట్లో హార్బర్ పక్కన గేలాల కొట్టుకి రేకు చేపలు కొనడానికి వెళ్ళాను. కౌంటర్లో కొత్త మనిషి. నన్ను ఎగాదిగా చూసి, “మీకు వలలున్నాయిగా, ఇవెందుకు? ఇక్కడ ఇండియన్లకి అమ్మం” అన్నాడు. కొట్టునిండా జనం. ఒక్కడూ నోరెత్తలేదు. నేను ఇండియా నుంచి వచ్చానని, ఫుడ్ టెక్నాలజీలో ఎమ్మెస్ చేశానని, చెర్రీ ఫ్యాక్టరీ ల్యాబు నాదేనని చెప్పుకోవాల్సి వచ్చింది. అప్పుడు వాడు నవ్వి, “సారీ, తప్పు ఇండియన్‌ని పట్టుకున్నా!” అని ఒక రేకు చేప ఊరికే ఇచ్చాడు.

అది అక్కడితో ఆగితే బాగుండేది. ఆ శనివారం రేవుకు తిరిగొచ్చేసరికి, పడవను కారు వెనక లాక్కెళ్ళే ట్రెయిలర్ టైర్లు రెండూ కత్తితో కోసేసి ఉన్నాయి. ఆదివారం చర్చి నుంచి వచ్చేసరికి వాకిట్లో ఉన్న పడవ మీద మేకుతో గీకి, ‘రిజర్వేషన్‌కి పో’ అని రాసిపెట్టారు, అంటే గవర్నమెంటు ఆ ఇండియన్లకి విడిగా కేటాయించిన నేలకి.

చెప్పు, వాళ్ళతో నన్ను ఎలా పోలుస్తారు? పగలంతా తాగి పడుకునేవాళ్ళూ నేనూ ఒకటేనా? నేను ట్యాక్సు కట్టట్లేదా? రేకి నాకంటే ఎక్కువ కోపం వచ్చింది. తనే ప్లైవుడ్ ముక్క కోసి ఎర్ర పెయింటుతో రాసి పడవకు బిగించాడు: ‘ఈ పడవ ఓనరు ఇండియా దేశపు ఇండియన్. వలల ఇండియన్ కాడు.’ క్లబ్బులో అందరూ చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత ఎవరూ నా పడవ జోలికి రాలేదు. అవమానం అవమానమే గానీ, సమస్య తీరింది.

దేవకుమార్


ప్లెయిన్స్‌బరో
26 ఆగస్టు 1979

దేవకుమార్,

నీ ఉత్తరం బావకి చూపించలేదు. సిగ్గేసింది.

టైర్లు కోసినందుకు నీకు కోపం రావాలి, వచ్చింది. కానీ ఉత్తరం మళ్ళీ చదువుకో. నీ కోపం టైర్లు కోసినందుకు కాదు, నిన్ను ఆ ఇండియన్ అనుకుని కోసినందుకు. కొట్టువాడు ఇండియన్లకి అమ్మనంటే నీకు నొప్పి లేదు. నువ్వు ఆ ఇండియన్‌వి కాదని తెలిసి వాడు నవ్వితే, ఇచ్చిన తాయిలం జేబులో వేసుకొచ్చావు. పగలంతా తాగి పడుకుంటారా? ఎంతమందితో మాట్లాడావు? ఒక్కడి పేరు చెప్పు.

మనల్ని గురించి ఊళ్ళోవాళ్ళు ఏమనేవాళ్ళో మర్చిపోయావా? అచ్చం ఇవే మాటలు.

నాన్న పోయేముందు నాకొక్కదానికే చెప్పిన సంగతి ఒకటుంది. నువ్వు పుట్టకముందుది. ఎండాకాలం కాలువ కట్టేశాక లాకుల దగ్గర మడుగులో చేపలు మిగిలేవి కదా. ఊరి పెద్దలు వాటిని వేలం పాడుకునేవాళ్ళు. మన పల్లెవాళ్ళు అందులో దిగకూడదు. ఏసుదాసు పెదనాన్న దిగి ఒక్క కొరమీనును పట్టాడు. పెద్దమ్మ బాలింత. ఆయన్ని లాకు స్తంభానికి కట్టేసి, ఆ చేపను మెడలో వేలాడదీసి, మే నెల ఎండలో సాయంత్రం దాకా నిలబెట్టారు. నాన్న తెనాలిలో పని చూసుకుని బస్సు దిగి ఆ గట్టునే వస్తున్నారు. ఇస్త్రీ చొక్కా, చేతిలో గొడుగు. మునసబు తెలిసే అడిగాడట, “మాస్టారూ, వీడు మీ అన్న కదూ?” అని. నాన్న, “కాదండీ, మా పల్లెవాడు, అంతే” అని నడిచి వచ్చేశారు.

ముప్ఫై ఏళ్ళు చర్చిలో వాక్యం చెప్పారు నాన్న. పేతురు యేసుని ఎరగనని బొంకిన భాగం మీద ఒక్కసారైనా చెప్పారా? గుర్తు తెచ్చుకో.

ఆ బోర్డు పీకి పొయ్యిలో పెట్టు.

విమల


సీడర్ హార్బర్
11 సెప్టెంబరు 1979

అక్కకు,

నాన్న సంగతి ఇన్నేళ్ళు దాచిపెట్టి, నన్ను కొట్టడానికి ఇప్పుడు బయటికి తీశావు. చాలా బాగుంది.

నువ్వున్న చోట వీధికి ఇద్దరు మనవాళ్ళు. ఈ కౌంటీ మొత్తానికి మేం ఒక్క కుటుంబం. పాపకి తొమ్మిదో నెల. సిటిజెన్‌షిప్‌కి పేపర్లు వేశాను. నేను ఎవరి యుద్ధమూ చెయ్యడానికి రాలేదు, చేపలు పట్టుకోవడానికి వెళ్తున్నాను. బోర్డు ఉంటుంది.

అయినా నువ్వు వెనకేసుకొచ్చే మనుషుల తెలివి విను. పోయిన గురువారం జోసెఫ్ మార్టెల్ అని ఒక పెద్దాయన వలలు తీయడానికి వెళ్తే సరస్సులో ఇంజన్ ఆగిపోయింది. గాలికి పడవ రాళ్ళకి కొట్టుకుని ముక్కలైంది, ఆయన కాలు విరిగింది. షెరిఫ్ మనిషి వచ్చి ఆ పొద్దున రేవులో ఉన్న అందర్నీ అడిగాడు. నేనేం చూడలేదని చెప్పాను. పాత ఇంజన్లు వేసుకుని తిరిగితే అలాగే అవుతుంది. నేనేం చూడలేదు, నన్నెందుకు అడగాలి?

దేవకుమార్


ప్లెయిన్స్‌బరో
18 సెప్టెంబరు 1979

దేవా,

నాన్న సంగతి అలా చెప్పకుండా ఉండాల్సింది. అందుకు క్షమించు. మిగతా దేనికీ కాదు.

చిన్నప్పటి నుంచీ నువ్వు అబద్ధమాడితే రెండుసార్లు చెబుతావు. ‘బెల్లం నేను తినలేదు, నేను తినలేదు’ అనేవాడివి. మొన్నటి ఉత్తరంలో ‘నేనేం చూడలేదు’ అని రెండుసార్లు రాశావు.

ఏం చూశావు?

అక్క


సీడర్ హార్బర్
24 ఫిబ్రవరి 1980

అక్కా,

అయిదు నెలలు నీకు రాయలేదు. క్రిస్మస్‌కి నువ్వు పంపిన గౌను పాపకి సరిపోయింది, అదీ రాయలేదు. రాస్తే మొత్తం రాయాలి, అందుకని.

సెప్టెంబరులో సాల్మన్ ఏరు కలిసే చోటికి గుంపులుగా వస్తాయి. తెల్లారేసరికి గేలాలు నీళ్ళలో ఉండాలి. ఆరో తారీకు రేవులో పడవ దింపుతున్నాను. అవతలి పక్క మార్టెల్ గారి పడవ కట్టి ఉంది. రే ఆ పడవలో ఉన్నాడు. పెట్రోలు ట్యాంకు మూత తీసి, కాగితం సంచీలోంచి ఏదో పోస్తున్నాడు. సంచీ మీద మా ఫ్యాక్టరీ ముద్ర ఉంది. చెర్రీల్లో వేసే పంచదార, పెట్రోల్లో పడితే ఇంజన్ ఆగిపోతుంది. నన్ను చూశాడు. పెదవుల మీద వేలు పెట్టి నవ్వాడు, పిల్లలు పరీక్షలో కాపీ కొట్టేటప్పుడు నవ్వుతారే, అలా. నేను నా పడవెక్కి వెళ్ళిపోయాను.

రే చెడ్డవాడైతే నాకు తేలికగా ఉండేది. పాప పుట్టిన రోజున హాస్పిటల్లో ఆరు గంటలు నాతో కూర్చున్నాడు. మా మేనేజరు ఆ క్లబ్బుకు ప్రెసిడెంటు. సిటిజెన్‌షిప్ పేపర్లు ఇంకా గవర్నమెంటు దగ్గరున్నాయి. ఇవన్నీ కారణాలే, అబద్ధాలు కావు. అయినా తిండి సహించట్లేదు.

బోర్డు అక్టోబరులో పీకేశాను. రే ఎందుకని అడగలేదు.

ఏం చెయ్యమంటావు?

దేవా


ప్లెయిన్స్‌బరో
3 మార్చి 1980

దేవా,

నీ ఉత్తరం చదివి అరవాలనుకున్నాను. తర్వాత నాకు అరిచే అర్హత లేదని గుర్తొచ్చింది.

ఇక్కడ శనివారాలు ఏడెనిమిది తెలుగు కుటుంబాలం ప్రార్థనకి కలుస్తాం. మూడేళ్ళ కిందట శశికళ గారని ఒకావిడ, “విమలగారూ, మీరు రెడ్లలోంచి క్రైస్తవుల్లో కలిసినవాళ్ళే కదా? మాట తీరులో తెలిసిపోతుంది” అంది. నేను నవ్వి తలూపాను. అంతే, తలూపాను. అప్పటి నుంచి ఆవిడ నాతో మన గురించి ఎన్ని మాటలందో, ‘వాళ్ళు’, ‘ఆ పల్లెవాళ్ళు’ అని, అన్నిటికీ టీ కప్పు పట్టుకుని కూర్చున్నాను. బావకి ఒళ్ళు మండి అక్కడికి రావడం మానేశాడు. నీకు అంత కోపంగా రాసింది ఈ మనిషే.

కాబట్టి పెద్దదాన్ననే అధికారంతో చెప్పట్లేదు. ఆయన కాలు విరగ్గొట్టినవాడు ఎవరో నీకు తెలుసు. ఆయనకి తెలియదు. అది ఆయనకి చెందిన మాట, నీ దగ్గరుండిపోయింది. వెళ్ళి ఇచ్చెయ్. ఉద్యోగం పోతే ఇక్కడికి రండి. మా ఇంట్లో రెండో బెడ్‌రూమ్ ఖాళీ చేస్తాను.

అక్క


సీడర్ హార్బర్
15 జూన్ 1980

అక్కా,

అయిపోయింది. వరసగా రాస్తాను.

మార్చిలో ప్రాసిక్యూటర్ ఆఫీసుకి వెళ్ళి చూసింది చూసినట్టు రాసిచ్చాను. “అప్పుడెందుకు చెప్పలేదు?” అన్నాడు. “భయపడ్డాను” అన్నాను. అదీ రాసుకున్నాడు. ఉద్యోగం పోలేదు. మేనేజరు పిలిచి, “దేవ్, చెర్రీ సీజన్ వస్తోంది, ఈ గొడవ మనకెందుకు?” అన్నాడు గానీ, ల్యాబు నడిపే మనిషి ఇంకొకడు లేడని అతనికీ తెలుసు. లంచ్ మాత్రం ఒక్కణ్ణే తింటున్నాను. క్లబ్బు నా మెంబర్‌షిప్ రద్దు చేసింది.

రే ఇంటికొచ్చాడు. లోపలికి రమ్మంటే రాలేదు. గుమ్మంలో నిలబడి, “నీ కూతురు పుట్టిన రోజు గుర్తులేదా నీకు?” అన్నాడు.

“గుర్తుంది రే. అందుకే ఆర్నెల్లు నోరు మూసుకున్నాను.”

“ఇంజన్ రేవులోనే ఆగిపోతుందనుకున్నాను. ముసలాడి కాలు విరగాలని కాదు.”

“ఆ మాట కోర్టులో చెప్పు.”

జ్యోతి కాఫీ తెచ్చేలోపు వెళ్ళిపోయాడు.

పోయిన మంగళవారం విచారణ. రే లాయరు లేచి, “మిస్టర్ కుమార్, మీరు కూడా ఇండియనే కదా?” అన్నాడు. హాలంతా నవ్వు. జడ్జి బల్ల మీద కొట్టాడు. ఆ నవ్వుకి సమాధానం నా నాలుక చివరే ఉంది. ఏడాది కిందట నేనే బోర్డు మీద రాయించుకున్నాను. అది చెప్పలేదు. “నేను ఇరవై అడుగుల దూరంలో నిలబడి చూసినవాణ్ణి” అన్నాను. “అది నా ప్రశ్నకి జవాబు కాదు” అన్నాడు. “మీరు అడగాల్సిన ప్రశ్నకి అదే జవాబు” అన్నాను.

రే దోషి అన్నారు. దేనికి? ఇంజన్ పాడుచేసినందుకు. ఫైను, జైలు బదులు ఏడాది ప్రొబేషన్. పడవ ముక్కలవడం, కాలు విరగడం గాలి చేసిన పనట! ఒక మనిషిని సరస్సు మధ్యలో చావడానికి వదిలితే ఈ దేశంలో దాని పేరు ‘ఆస్తి నష్టం’. క్లబ్బువాళ్ళు రే భుజాలు తట్టి తీసుకెళ్ళారు, టోర్నమెంటు గెలిచినట్టు.

బయట వరండాలో మార్టెల్ గారు కర్ర ఆనించుకుని బెంచీ మీద కూర్చున్నారు. వెళ్ళి చెయ్యి చాచాను. అందుకోలేదు.

“ఎంత దూరం అన్నావు లోపల?”

“ఇరవై అడుగులు.”

“నేను తాడు విప్పేటప్పుడు నీకు చెయ్యి ఊపాను.”

“అవునండీ.”

“నువ్వూ ఊపావు.”

అవును అక్కా. ఫిబ్రవరిలో నీకు రాయనిది ఇదే. రే వెళ్ళిపోయాక ఆయన రావడం చూశాను. వల బుట్టలు ఎక్కించుకోవడం చూశాను. ఇంజన్ అందుకుంది. నాకు చెయ్యి ఊపారు. ‘ఆగండి’ అని ఒక్క మాట. ఆ మాట నోట్లో ఉంది. నేను చెయ్యి ఊపి, గేలాలు సర్దుకోవడానికి తల వంచుకున్నాను. ఆ రోజు రెండు సాల్మన్ పట్టాను.

“సెప్టెంబరులో చెప్పాల్సింది” అని ఆయన లేచారు. కూతురు వచ్చి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది. వాళ్ళ ట్రక్కు కనబడకుండా పోయేదాకా నేను మెట్ల మీదే నిలబడ్డాను. థాంక్స్ చెబుతారనుకుని వెళ్ళానని అప్పుడు తెలిసింది నాకు.

దేవా


ప్లెయిన్స్‌బరో
21 జూన్ 1980

దేవా,

చెయ్యి ఊపిన సంగతి చదివి ఉత్తరం బల్ల మీద పడేసి వంటింట్లోకి వెళ్ళిపోయాను. బావ చదివి బయటికెళ్ళి పచ్చిక కోశాడు, నిన్నే కోసినదాన్ని. నేను నీకు ‘పోనీలే’ అని రాయను. నువ్వు ఆశించవనే అనుకుంటున్నాను. ఆయన నీ చెయ్యి అందుకోకపోవడం ఆయన ఇష్టం. జీవితాంతం అందుకోకపోయినా నువ్వు దానికి నొచ్చుకోకూడదు. కోర్టులో నిలబడ్డావు. అదీ నిజమే, ఇదీ నిజమే. రెండూ నీవే.

నా సంగతి కూడా విను. మే నెలలో అందరి ముందూ శశికళ గారితో, “మేం మాలపల్లె వాళ్ళమండీ, మీరు పొరబడితే నేను దిద్దలేదు” అని చెప్పాను. ఆవిడ “అలాగా” అంది. పై శనివారం నేను తీసుకెళ్ళిన కోడి పలావు గిన్నె మూత తీయకుండానే ఇంటికి తిరిగొచ్చింది. పద్నాలుగు మంది పెద్దలు, పన్నెండు మంది పిల్లలు, ముందు ప్రార్థన, తర్వాత ఈ పని! రెండు రోజులు మేమే తిన్నాం. ఇంతవరకూ నా కోపం చల్లారలేదు. ఈ శనివారం మళ్ళీ వండి తీసుకెళ్తున్నాను, ఈసారి ఇంకా పెద్ద గిన్నెలో. బావ కూడా వస్తానంటున్నాడు.

జులై రెండో వారం నలుగురం కారులో బయలుదేరి వస్తున్నాం. ఆ పడవలో నన్నూ తిప్పాలి. క్లబ్బూ గిబ్బూ లేకపోతే మానె, నేను రాడ్ పట్టుకుంటాను, నువ్వు నడుపు.

ఒక పని చెయ్యి. ‘మీరు కూడా ఇండియనే కదా’ అన్న ఆ లాయరు పేరూ అడ్రసూ తిరుగు టపాలో పంపు. నేను వాడికి ఒక ఉత్తరం రాయాలి. నాలుగు పేజీలు ఇప్పటికే అయ్యాయి.

అక్క